అమ్మ కూడా బడికొచ్చిన వారం

ఈ మధ్య మా మనవరాలిని తెల్లాపూర్‌లో, వాళ్ళుండే అపార్ట్‌మెంట్లకి ఎదురుగానే ఉన్న ప్లేస్కూల్లో వేశారు. అక్కడొక పద్ధతి ఉంది. మొదటి వారం పిల్లతో పాటు ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు వెళ్ళి తరగతిలో కూర్చోవాలి. పిల్ల బెంగ తీరి అలవాటు పడేదాకా అన్నమాట. మా అమ్మాయికి సరిగ్గా ఆ వారమే ఆఫీసులో ఊపిరాడని పని. అల్లుడు క్యాంపుకి వెళ్ళాడు. కాబట్టి ఉద్యోగమంతా టీచరు కుర్చీలో గడిపిన నేను, రిటైరైన ఇన్నాళ్ళకి, మోకాలెత్తు కూడా లేని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో పిల్లల మధ్య కూర్చోవలసి వచ్చింది. కూర్చోవడం ఎలాగో కూర్చున్నాను గానీ, లేవాలంటే మాత్రం ఆ స్కూలు ఆయా చెయ్యి అందించాల్సి వచ్చేది. మా మనవరాలు ఏడవలేదు సరికదా, మొదటి రోజే నా వైపు చూడటం మానేసి రంగుల పిండిముద్దలతో పాములు చేసుకుంటూ కూర్చుంది. నా పక్క కుర్చీలో ఒక కుర్ర తల్లి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవుల్లో ఏవో తగిలించుకుని, మీటింగులో ఉంది. నాకేమో చేతిలో పనేం లేదు. గోడ మీద అంటించిన అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నాను. అలా చూస్తుండగా, ఇలాగే కొడుకు కోసమని వచ్చి నా తరగతిలో కూర్చున్న ఇంకో తల్లి గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చింది అనడం కూడా సరి కాదేమో. ఆమె నన్ను పూర్తిగా విడిచి ఎన్నడూ పోలేదు.

తొంభైల చివరి మాట. మణికొండకీ నార్సింగికీ నడుమ ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. ఆ ఊరి పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ ఊరు కనిపించదు; ఆ పేరుతో ఒక బస్‌స్టాపూ, రెండు బిర్యానీ హోటళ్ళూ మాత్రం మిగిలాయి. అప్పుడు మాత్రం ఊరంటే ఊరే. ఇళ్ళ వెనక జొన్న చేలు, చేల వెనక బండలు. ఒక బండ మీద ఇంకో బండ, ఎవరో నిద్రమత్తులో పేర్చి వెళ్ళిపోయినట్టు, పడీ పడకుండా నిలబడి ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఆ బండల్ని పగలగొట్టడం అప్పటికే మొదలైంది. అన్నం బెల్లుకి కాస్త ముందు, దూరం నుంచి "జరుగుండ్రి, జరుగుండ్రి" అని ఒక మనిషి ఈల వేసుకుంటూ అరిచేవాడు. తర్వాత ఢామ్మని పేలేది. కిటికీ రెక్కలు దడదడలాడేవి. పిల్లలు రెండు చేతులతో చెవులు మూసుకుని, నేను ఆపమనలేదు కాబట్టి, ఎక్కాలు అరుస్తూనే ఉండేవారు. ఉత్తరం వైపు బండల వెనక ఒక పెద్ద గుండ్రటి భవనం లేచింది. "దాంట్ల ఏం జేస్తరు టీచర్?" అని ఒకసారి పిల్లలు అడిగితే కంప్యూటర్ల పని అన్నాను. కంప్యూటర్ల పని అంటే ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు కనుక, కూర్చుని రాసుకునే పని అన్నాను. అంతటితో వాళ్ళకి దాని మీద ఆసక్తి పోయింది.

మాది కృష్ణా జిల్లా. నాన్నగారి ఉద్యోగం వల్ల హైదరాబాదులోనే పెరిగినా, ఇంట్లో మాట ఆ వైపుదే. అందువల్ల నా తెలుగుకీ నా పిల్లల తెలుగుకీ రోజూ చిన్న చిన్న తగాదాలు వచ్చేవి. నేను ఉల్లిపాయ అంటే వాళ్ళు నవ్వేవారు, ఉల్లిగడ్డ కదా టీచర్ అని. ఒకటో తరగతి వాచకంలో ఊయల బొమ్మ ఉండేది. కింద 'ఊయల' అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. బొమ్మ మీద వేలు పెట్టి చదవమంటే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "తొట్లె" అని చదివేది. నేను ఊయల అంటాను, వాళ్ళు తొట్లె అంటారు. చివరికి నేనే ఓడిపోయి, సరే, తొట్లె అనే అనుకుందాం, కానీ ఇక్కడ రాసింది ఊయల అని సంధి చేసుకునేదాన్ని. బడిలో ఇద్దరమే టీచర్లం. మూడు, నాలుగు, అయిదు తరగతులు హెడ్మాస్టరు గారివి. ఒకటి, రెండు నావి. ఆయన ఆ పక్క ఊరివారే, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నారు. పిల్లల మీద ఎన్నడూ చెయ్యి ఎత్తి ఎరగరు. ఆయనకున్న ఒకే ఒక్క భయం తనిఖీ. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, పాఠం మధ్యలో ఆపి చొక్కా గుండీలు సరిచూసుకునేవారు.

జూలై మొదట్లో, సన్నగా వాన పడుతున్న ఒక సోమవారం, ఒక తల్లి కొడుకుని బడికి తెచ్చింది. తెచ్చింది అంటే మోసుకొచ్చింది. వాడు ఆమె మెడకి రెండు చేతులూ, నడుముకి రెండు కాళ్ళూ చుట్టేసి, ఊరంతా వినబడేలా "అమ్మా నేనుండ, అమ్మా నేనుండ" అని అరుస్తున్నాడు. అయిదేళ్ళవాడు, ఒళ్ళంతా బలమే. నేనూ ఇంకో ఇద్దరు పెద్ద పిల్లలూ కలిసి వాడిని ఊడదీసి లోపల కూర్చోబెట్టాం. తల్లికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, కొంగు నడుముకి బిగించుకుని, చేతులకి ఇంకా పేడ వాసనతో. "జర ఊకో బిడ్డా, గీన్నే నిలబడ్త" అని వాడికి చెప్పి, కిటికీ బయట నిలబడింది. ఆమె కనబడుతున్నంత సేపు వాడు ఊరుకున్నాడు. ఆమె ఇంటికి తిరిగిందో లేదో, వాడు బల్లల మీదుగా దూకి, గుమ్మం దాటి, గేటు దాటి, రోడ్డెక్కేశాడు. ఆ రోడ్డు మీద కంకర లారీలు ఆగకుండా తిరిగేవి. ఒక లారీ కీచుమని ఆగిన చప్పుడు నాకింకా చెవిలో ఉంది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి తల్లి వాడిని గుండెకి అదుముకుని రోడ్డు పక్క బురదలో కూర్చుని ఉంది. డ్రైవరు కిందికి దిగి ఆమెని తిడుతున్నాడు.

ఆ రోజు నేను పెద్దగా ఆలోచించలేదు. ఇద్దరినీ లోపలికి తీసుకొచ్చి, వాడు అలవాటు పడేదాకా నువ్వు కూడా ఇక్కడే కూర్చో అమ్మా అన్నాను. హెడ్మాస్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి, "మేడం, ఎవరన్న వచ్చి చూస్తె తల్లిని గూడ ఒకటో తరగతిల చేర్చుకున్నరా అంటరు" అన్నారు. "పిల్లవాడు లారీ కింద పడితే ఏమంటారండీ?" అన్నాను. ఆయన ఒకసారి రోడ్డు వైపు చూసి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆమె ఇంట్లో అత్తగారు కూడా ఒప్పుకుందట. నాలుగు బర్రెలున్న ఇల్లు, పొద్దున్నే పాలు పోయాలి, గడ్డి కోయాలి. కోడలు లేకపోతే ఆ పనంతా ముసలావిడ మీద పడుతుంది. అయినా మనవడంటే ప్రాణం కాబట్టి, వాడు ఏడుపు మానేదాకా పోయి కూర్చోమందట.

మొదటి రోజంతా ఆమె గోడకి ఆనుకుని, తల వంచుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇంత పెద్దదాన్ని పిల్లల మధ్య కూర్చోవడమేమిటని ఆమెకి సిగ్గు. మంగళవారం వాడు ఏడ్చి ఏడ్చి ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు. నేను రెండో తరగతి వాళ్ళకి లెక్కలు చెబుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె నిద్రపోతున్న కొడుకు వీపు మీద పలక ఆనించుకుని, బలపం పట్టుకుని, నేను బోర్డు మీద రాసిన 'పలక' అన్న మాటని చూసి గీస్తోంది. నేను చూశానని తెలియగానే అరచేత్తో తుడిచేసింది. ఇంకాస్త పెద్ద అక్షరాలతో, ఆమెకి కనబడేలా, బోర్డు ఆ వైపు చివర ఇంకోసారి రాశాను. అన్నం బెల్లు కొట్టాక పిల్లలంతా బయటికి పోయినా ఆమె పోలేదు. దగ్గరికొచ్చి అడిగింది.

"టీచరమ్మా, బస్సు మీద రాసేది గూడ గీ అక్షరాలేనా?"

అవి ఇవేనమ్మా, తెలుగు అక్షరాలు ఎక్కడైనా ఒకటే అన్నాను. అప్పుడు చెప్పింది. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు చెవిలో చీము కారుతుంటే కోఠి దవాఖానకి తీసుకెళ్ళిందట. పోయేటప్పుడు ఎవరో తోడున్నారు. వచ్చేటప్పుడు మెహిదీపట్నంలో ఒక్కతే దిగి, ఊరి బస్సు అనుకుని ఇంకో బస్సెక్కింది. ఎవరినైనా అడగకపోయావా అన్నాను. "అడిగిన టీచరమ్మా. ఒక ముసలాయన్ని అడిగిన. గదే బస్సు, ఎక్కు బిడ్డా అన్నడు. ఆయనకు గూడ సదువు రాదంట. ఇద్దరం కలిసి పటాన్‌చెరు పోయినం." ఇది చెబుతూ ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ రోజు చీకటి పడ్డాక పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, పాలు లేక, దారి తెలియక, పటాన్‌చెరు బస్టాండులో కూర్చున్న సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. అప్పటినుంచీ ఆమెని ఒంటరిగా ఎక్కడికీ పంపడం లేదట. అమ్మగారింటికి పోవాలన్నా ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోవాలి. చిన్నప్పుడు రెండు నెలలు బడికి పోయిందట గానీ, తమ్ముడు పుట్టాక వాడిని ఎత్తుకునే పని పడి మానేసింది. "బస్సు మీదిది తెలిస్తె సాలు. ఇంకేం వద్దు నాకు" అంది.

మర్నాడు హెడ్మాస్టరు గారు బీరువాలోంచి ఒక కొత్త పలక తీసి, తుడిచి, నా బల్ల మీద పెట్టారు. "ఆమెకియ్యండి. పిల్లగాని పలక మీద ఎందుకు" అన్నారు. వెంటనే, తనిఖీ గుర్తొచ్చిందేమో, "ఎవరన్న వస్తె మాత్రం పిల్లగానిదే అని చెప్పుమనుండ్రి" అని కూడా అన్నారు.

నా సర్వీసులో చాలామంది పిల్లలకి అక్షరాలు నేర్పాను. పిల్లలు నేర్చుకోవడంలో ఒక తీరిక ఉంటుంది. ఇవాళ వచ్చిన అక్షరం రేపు పోతుంది, ఎల్లుండి మళ్ళీ వస్తుంది. వాళ్ళకి తొందర లేదు. ఈమెది వేరు. వాన ఎప్పుడు ఆగిపోతుందోనని కుండలన్నీ బయట పెట్టుకునే మనిషిలా నేర్చుకుంది. ఒక్కో అక్షరానికి ఒక గుర్తు పెట్టుకునేది. ఠ చూపిస్తే, "గీనికి బొట్టు పెట్టిండ్రు" అంది. అప్పటినుంచి అది తరగతి మొత్తానికి బొట్టు అక్షరం అయిపోయింది. గుణింతాల దగ్గర కొంచెం తడబడింది. క పక్కన కొమ్ము పెడితే కు ఎందుకవుతుంది, దాని నెత్తి మీద గుడి పెడితే కి ఎందుకవుతుంది అని అడిగింది. ఎందుకో నాకు మాత్రం తెలుసా? అలా అనుకున్నారమ్మా పెద్దవాళ్ళు అన్నాను. "అనుకుంటె సరే" అని ఒప్పేసుకుంది.

బుధవారమో గురువారమో, వాచకం తీసి పిల్లల చేత చదివిస్తున్నాను. బొమ్మ చూసి అందరూ గడగడా చదివేస్తున్నారు. ఆమె తన పక్కనున్న పిల్ల పుస్తకం మీదికి వంగి చూస్తూ, హఠాత్తుగా బొమ్మ మీద అరచెయ్యి పెట్టి మూసేసింది. "ఇప్పుడు సదువు" అంది. ఆ పిల్ల తెల్లబోయింది. "టీచర్, ఈమె బొమ్మ మూసింది టీచర్!" అని ఫిర్యాదు చేసింది. ఆమె మాత్రం చెయ్యి తియ్యకుండా, కనుబొమలు ముడిచి, గొంతు కిందనుంచి అక్షరాన్ని పైకి లాగుతున్నట్టు, "గ... గం... ప... గంప" అంది. తర్వాత చెయ్యి తీసి చూసుకుంది. బొమ్మలో గంపే ఉంది. ఆ క్షణం ఆమె మొహం చూశాను. చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, టీచరు ఉద్యోగంలో జీతం కాక ఇంకేదైనా ఉందంటే అది అలాంటి మొహం చూడటమే. ఆ తర్వాత తరగతిలో పిల్లలందరికీ అదొక ఆటయింది. బొమ్మలు మూసుకుని చదవడం. నేను ఎన్నాళ్ళుగానో చెప్పలేకపోయిన సంగతి అలా ఆటగా నడిచిపోయింది.

అదే సాయంత్రం నేను బస్సు కోసం నిలబడితే, ఆమె కొడుకుని చంకనేసుకుని స్టాపుకి వచ్చింది. బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కాను. ఆమె రోడ్డు మీదే నిలబడి, తలెత్తి, బోర్డు వైపు పెదవులు కదుపుతూ చూస్తోంది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని, "ఎక్కుతవా అమ్మా, లేదా?" అన్నాడు. "ఎక్క. సదువుతున్న" అంది. బస్సులో అందరూ ఆమె వైపు తిరిగారు. కండక్టరు మంచివాడు, ఈల ఊదలేదు. కొంచెం సేపటికి ఆమె గట్టిగా, పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు, "కోఠి!" అని అరిచింది. "కరెక్ట్" అన్నాడు కండక్టరు. అప్పుడు బస్సు కదిలింది. నేను వెనక కిటికీలోంచి చూస్తే, ఆమె కొడుకు బుగ్గ మీద బుగ్గ పెట్టి, రోడ్డు మధ్యలో ఇంకా అలాగే నిలబడి ఉంది.

శుక్రవారం పొద్దున ఒక సంగతి జరిగింది. వాడికి బడి అలవాటైపోయింది. గేటు దగ్గర తల్లి చెయ్యి విదిలించుకుని, గోలీలాడే పిల్లల్లోకి దూరిపోయాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికి రావాలా, ఇంటికి పోవాలా తెలియని నిలబాటు. నేను వరండాలోంచి చూస్తున్నాను, ఆమె నన్ను చూడలేదు. వాడిని దగ్గరికి పిలిచింది. వంగి వాడి జేబు సర్దుతున్నట్టు సర్ది, నిక్కరు కింద తొడ మీద గిచ్చింది. వాడు ఒక్కసారి అమ్మా అని అరిచి ఏడుపు అందుకున్నాడు. ఆమె వాడిని ఎత్తుకుని, సముదాయిస్తూ, లోపలికి వచ్చి తన చోట కూర్చుంది. కూర్చుని తలెత్తితే మా కళ్ళు కలిశాయి. నేను చూశానని ఆమెకి అర్థమైంది. మొహం కందగడ్డయింది. కొడుకు తొడ మీద అరచేత్తో రాస్తూ, వాడి జుట్టులో మొహం దాచుకుంది. నేను బోర్డు వైపు తిరిగి ఆ రోజు తారీఖు రాశాను. ఆ రోజు ఆమెకి ఒత్తులు మొదలుపెట్టాం. 'అమ్మ' రాసింది, 'అక్క' రాసింది.

శనివారం ఒంటిపూట బడి. అన్నం వేళ కావస్తుండగా అత్తగారు వచ్చింది. బరువైన మనిషి, పెద్ద గొంతు, చేతిలో గడ్డి కోసే కొడవలి. కోపంగా ఏమీ లేదు. గుమ్మంలో నిలబడి మనవడిని చూసి, "ఏందిరా, ఇంకా ఏడుస్తున్నవా? వారమాయె. బర్రెలకాడ నా నడుములు పోతున్నయ్" అంది. వాడు గర్వంగా లేచి నిలబడ్డాడు.

"నేను ఏడుస్తలేను నానమ్మా. అమ్మ గిచ్చుతుంది. గిచ్చితె ఏడుస్తున్న."

ముసలావిడకి అర్థం కాలేదు. "ఎందుకు గిచ్చుతుందిరా?" అంది.

"ఏడ్సుమని."

"ఏడ్సుమని ఎందుకురా?"

"బళ్ళె కూసుంటందుకు."

సాక్ష్యంగా వాడు నిక్కరు అంచు పైకి లాగి కమిలిన చోటు చూపించాడు కూడా. ముసలావిడ ఒక నిమిషం వాడిని, ఒక నిమిషం కోడలిని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కొడవలి కింద పడేసి, గుమ్మం పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. "అయ్యో నా బంగారు కోడలా! సదువుకుంటనంటె చెప్పరాదే. పోరని తొడ ఎందుకు కమిలిస్తివే!" అంది. పిల్లలకి నవ్వడానికి కారణం అక్కర్లేదు కదా, వాళ్ళూ నవ్వారు. చప్పుడు విని వచ్చిన హెడ్మాస్టరు గారు సంగతి తెలుసుకుని వరండాలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. నేను చేత్తో సైగ చేశాను, ఇక చాలండి అన్నాను. ఎవరికీ వినబడలేదు. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తిట్లు ఆమెకి అలవాటే. ఆ నవ్వులో ద్వేషం లేదు, ముద్దే ఉంది. అందుకే దానికి ఎదురు చెప్పే దారి లేకపోయింది. ఆమె పలక తుడిచి, గోడ వారన బోర్లించి, బలపం దాని పక్కన పెట్టి, కొడుకు చెయ్యి పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం వాడు పక్కింటి పిల్లతో కలిసి చక్కగా వచ్చాడు. ఏడవలేదు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు మంచం వాల్చి, చిక్కటి పాలతో చాయ్ పెట్టి ఇచ్చింది. ఆవిడ కొడుకు బండలు తొలిచే కంప్రెసర్ మీద పనిచేస్తాడు, అప్పుడే వచ్చి దుమ్ము కడుక్కుంటున్నాడు. మీ కోడలికి ఇంకొన్నాళ్ళు చెబితే చదవడం, రాయడం పూర్తిగా వచ్చేస్తుంది, సగంలో ఆపకండి అన్నాను. "మేమాపుతున్నమా టీచరమ్మా? పొమ్మనుండ్రి. అదే సిగ్గుపడుతుంది" అంది ముసలావిడ. భర్త కూడా, "పోతనంటె నేనొద్దంటనా మేడం" అన్నాడు. నిజమే, వాళ్ళెవరూ ఆపలేదు. ఆమె కొట్టంలో బర్రె పక్కన, మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్తే, తిరగకుండానే, "బోరింగుకాడికి పోతె ఇయ్యాల ఎవరిని గిచ్చుతవే అంటుండ్రు టీచరమ్మా. అందరు నవ్వుతుండ్రు" అంది. పొద్దున బడి మొదలయ్యే ముందు రా, అప్పుడు ఎవరూ ఉండరు, నేను ముందు బస్సుకి వస్తాను అన్నాను. తల ఊపింది.

కొన్నాళ్ళు అలాగే ముందు బస్సుకి వెళ్ళాను. తాళం తీసి, బోర్డు తుడిచి, ఒక మాట పెద్దగా రాసి కూర్చునేదాన్ని. ఒక్క రోజు ఆమె బయల్దేరింది. కిటికీలోంచి కనబడింది. బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని దేనికో నవ్వుకుంటున్నారు. ఆమె గురించి నవ్వారో లేదో కూడా తెలియదు, వాళ్ళు ఆమె వైపు చూడనైనా లేదు. ఆమె సగం దారిలో ఆగి, కాసేపు కొంగు సర్దుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆ తర్వాత రాలేదు. రోడ్డు మీద ఎదురుపడితే బాగున్నరా టీచరమ్మా అని పలకరించి, నేను ఇంకో మాట ఎత్తేలోపు పనుందని వెళ్ళిపోయేది.

మరుసటి ఏడు వాళ్ళ చేను రోడ్డులో పోయింది. ఇల్లూ, కొట్టమూ అమ్మేసి చేవెళ్ళ వైపు ఎక్కడో భూమి కొనుక్కున్నారు. పిల్లవాడి టీసీ కోసం భర్తతో పాటు ఆమె కూడా వచ్చింది. భర్త హెడ్మాస్టరు గారి గదిలో ఉన్నాడు. ఆమె నా తరగతి గుమ్మంలో నిలబడి బోర్డు వైపు చూస్తోంది. ఆ రోజు బోర్డు మీద ఏవో తేలిక మాటలే ఉన్నాయి. గుర్తున్నాయా అన్నాను. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి.

"పోయినయ్ టీచరమ్మా. గా కోఠి ఒక్కటి యాదికుంది" అంది. తర్వాత, నన్ను ఓదార్చాలనుకుందేమో, చిన్నగా నవ్వి, "మేం పోయే దిక్కు కోఠి బస్సు రాదంట" అంది.

హెడ్మాస్టరు గారు రిటైరైన రోజు పూలదండ మెడలోనే ఉండగా నన్ను పక్కకి పిలిచి, సర్వీసులో ఎవరినీ బాధపెట్టలేదనే అనుకున్నాను మేడం, కానీ ఆ పొద్దు నేను నవ్వకపోతే బాగుండేది అన్నారు. ఆయన ఒక్కరే నవ్వలేదు కదా. ఊరంతా ప్రేమగానే నవ్వింది.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ముప్ఫై దాటి ఉంటాయి. ఎక్కడో బాగానే ఉండి ఉంటాడు. అతని పిల్లలకి కూడా అక్షరాలు వచ్చేసి ఉంటాయి. ఇంకో పది రోజులు వాడు ఏడ్చి ఉంటే ఆమెకి ఒత్తులన్నీ వచ్చేసేవి, ఆ తర్వాత ఎవరు నవ్వినా పోయేవి కాదు అని నాకు నేనే ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను. ఆమె కాలమంతా ముందు తమ్ముడికి, తర్వాత బర్రెలకి, మొగుడికి, అత్తకి, కొడుక్కి పంచిపెట్టగా, తన వాటాకి మిగిలింది ఆ ఒక్క వారం. అదీ కొడుకు ఏడ్చినన్నాళ్ళే.